ఆకాశంలో ఎవరున్నారు? యుద్ధకాలపు పాటల్లో పిట్టలపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో రెండో ప్రపంచయుద్ధం నాటి ఇంగ్లీషు పాట ‘ది వైట్ క్లిఫ్స్ ఆఫ్ డోవర్’ను చిన్నగా పరిచయం చేశాం. ఇది 1941లో వచ్చింది. డోవర్ ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలోని రేవు. సముద్రం మీదికి నిటారుగా నిలబడ్డ సుద్దరాతి గట్లు అక్కడి గుర్తు. రేపు లోకానికి స్వేచ్ఛ వచ్చాక ఆ తెల్లగట్ల మీద నీలిపిట్టలు ఎగురుతాయి, చూస్తూ ఉండండి అంటుంది పల్లవి. గంజాం నుంచి కొరాపుట్ దాకా చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

డోవర్ దగ్గర నీలిపిట్టలే ఉండవట కదా? రాసినాయన పొరబడ్డాడా, లేక నీలి యూనిఫాం వేసుకున్న బ్రిటిష్ పైలట్లనే పిట్టలన్నాడా? మా ఇంట్లో దీని మీద వాదన తెగడం లేదు. (బరంపురం)

పక్షిశాస్త్రం ప్రకారం మీరు విన్నది నిజమే. పాటలోని నీలిపిట్ట ఉత్తర అమెరికా పక్షి. అందులో మూడు జాతులున్నాయి. ఎక్కువ పేరున్న తూర్పు నీలిపిట్ట పిచ్చుక కన్నా కాస్త పెద్దది. వీపు ముదురు నీలం, రొమ్ము ఇటుక రంగు. చెట్టుతొర్రల్లోనూ, మనుషులు పెరట్లో బిగించిన చెక్కపెట్టెల్లోనూ గూడు పెడుతుంది. అట్లాంటిక్ దాటి ఇంగ్లండుకు వలస వెళ్ళదు. మాట రాసిన నాట్ బర్టన్, బాణీ కట్టిన వాల్టర్ కెంట్ ఇద్దరూ అమెరికన్లు. తమ పెరటి పిట్టను తీసుకెళ్ళి పరాయి గట్టు మీద వాల్చారు.

దీన్ని సమర్థించడానికి రెండు వాదాలు పుట్టాయి. రెండూ వినడానికి బాగుంటాయి కానీ పాట దగ్గర నిలబడవు.

మొదటిది మీరు చెప్పిన పైలట్ల వాదం. బ్రిటిష్ వైమానిక దళం యూనిఫాం నీలి బూడిదరంగు, నిజమే. కానీ పాటలో క్రియ ఏ కాలంలో ఉందో చూడండి. పిట్టలు ‘ఉంటాయి’, అదీ ‘రేపు’. బ్రిటన్ మీద గగనయుద్ధం 1940 జూలై 10న మొదలై అక్టోబరు 31 దాకా సాగిందని లెక్క. పాట ఆ మరుసటి ఏడాదిది. అప్పటికే పైలట్లు డోవర్ మీద ఎగురుతూ, పోరాడుతూ, కూలుతూ ఉన్నారు. ఉన్నవాళ్ళను పట్టుకుని ‘రేపు వస్తారు చూడు’ అని ఎవరూ పాడరు.

రెండోది వానకోయిల వాదం. వానకోయిలలకు, వాటి దగ్గరి చుట్టాలకు వీపు మీద నీలి మెరుపు ఉంటుంది. ఏటా వసంతంలో ఆఫ్రికా నుంచి ఇంగ్లండుకు చేరతాయి, దక్షిణ తీరం మీదుగానే వస్తాయి. కాబట్టి కవి వాటినే చూశాడంటారు. ఇక్కడా అదే చిక్కు. వానకోయిలలు 1940లోనూ వచ్చాయి, 1941లోనూ వచ్చాయి. యుద్ధం వాటిని ఆపలేదు. ఏటా వచ్చే పిట్ట కోసం యుద్ధం ముగిసేదాకా ఎదురుచూడడం దేనికి?

మరి కవి ఉద్దేశం ఏమిటి? పాట మధ్యలో రెండో బాణీ అందుకునే చోట జాగ్రత్తగా వినండి. కాపరి గొర్రెలు కాచుకుంటాడు, లోయ మళ్ళీ పూస్తుంది, జిమ్మీ అనే పిల్లవాడు మళ్ళీ తన సొంత గదిలో నిద్రపోతాడు. 1939 సెప్టెంబరు మొదట్లోనే పట్టణాల నుంచి లక్షలాది పిల్లల్ని పల్లెలకు పంపేశారు. జిమ్మీ గది గుర్తుచేసేది దాన్నే. లోయకు, గదికి ‘మళ్ళీ’ ఉంది. పోయింది తిరిగొస్తుందని ఆ మాటకు అర్థం. నీలిపిట్టలకు మాత్రం ‘మళ్ళీ’ లేదు. అవి తిరిగి రావడం లేదు, మొదటిసారి వస్తున్నాయి. ఇంతకుముందు డోవర్‌లో లేవన్న సంగతి పాటకు అడ్డు కాదు, పాట ఆ సంగతితో చక్కగా సరిపోతుంది.

చాలామంది గాయకులు వదిలేసే ముందుపంక్తులు కూడా ఉన్నాయి. కోపంతో ఉన్న ఆకాశాన్ని ఎదిరించి నిలబడ్డ మనుషుల్ని చూశాను, ఇప్పుడు వాళ్ళకు దూరంగా ఉన్నాను అంటాడు పాడేవాడు. అంటే గొంతు స్థానికుడిది కాదు, వచ్చి చూసి వెళ్ళిన పరాయివాడిది. అతను తన దేశపు పిట్టను తలుచుకోవడంలో వింత లేదు. పైగా ‘కోపంతో ఉన్న ఆకాశం’ అని ముందే అన్నాడు కనుక, పల్లవిలో పిట్ట ఎగిరేది కూడా ఆ ఆకాశంలోనే. ఆ రోజుల్లో డోవర్ మీద ఏముండేది? బాంబర్లు, వాటిని అడ్డుకునేందుకు ఇనుప తాళ్ళతో కట్టిన పెద్ద పెద్ద గాలిబుడగలు, ఫిరంగి గుండ్లు. అక్కడ ఫ్రాన్సు తీరం సుమారు 33 కిలోమీటర్ల దూరం. ఆ ఒడ్డున జర్మన్లు నిలిపిన ఫిరంగులు 1940 ఆగస్టు నుంచి 1944 సెప్టెంబరు దాకా డోవర్‌ను కొట్టాయి. జనం సుద్దగట్లలోని గుహల్లోకి పోయి తలదాచుకున్నారు. తల ఎత్తి చూడాలంటే భయపడే చోట, తల ఎత్తితే కనబడేది ఒక చిన్న పిట్ట. మా దృష్టిలో పాట చేసిన పని ఇదొక్కటే: ఆకాశంలో ఉన్నవాళ్ళను దింపేసి, వాళ్ళ చోట ఇంకొకరిని పెట్టడం.

పిట్ట నీలిదే ఎందుకయిందంటే, అప్పటి అమెరికన్ శ్రోతకు అది ఆనందానికి గుర్తు. బెల్జియం రచయిత మేటర్‌లింక్ 1908 నాటి నాటకంలో ఇద్దరు పిల్లలు ఆనందమనే నీలిపిట్ట కోసం లోకమంతా వెతికి, చివరికి ఇంట్లోనే చూస్తారు. ఆ నాటకం 1940లో హాలీవుడ్ సినిమాగా వచ్చింది. అంతకు ముందు ఏడాది ఇంకో సినిమా పాటలో నీలిపిట్టలు ఇంద్రధనుస్సు దాటి ఎగిరాయి. కొత్తగా వివరించనక్కర్లేని గుర్తు చేతికి అంది ఉంది, వాడుకున్నారు. ఇంగ్లీషు పల్లవిలో మొదటి పంక్తి ఆఖర్న ‘ఓవర్’, రెండోదాని ఆఖర్న ‘డోవర్’, ఆ ప్రాస కూడా తోడయింది. సినిమా పాటలు వినే మనకు, ప్రాస ఎంత పని చేయిస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాలేజీ వార్షికోత్సవానికి ఈ పాటను తెలుగులో పాడదామనుకుంటున్నాం. బ్లూబర్డ్ బదులు పాలపిట్ట పెడితే ఎలా ఉంటుంది? పాట ఆఖర్న నిజం పాలపిట్టను పంజరంలోంచి వదలాలని కూడా ఉంది. (పర్లాకిమిడి)

రెండో కోరిక ముందు మానుకోండి. పాలపిట్ట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షి, పైగా ఒడిశా రాష్ట్రపక్షి. పట్టడం, పంజరంలో ఉంచడం, చూపించి డబ్బు తీసుకోవడం అన్నీ నేరాలే. దసరాకు పంజరాలు పట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్ళ దగ్గర కొన్నా మీరూ కేసులో ఉంటారు. అలా పట్టిన పిట్టల రెక్కల్ని కట్టేస్తారు, కొన్నిసార్లు ఈకలు జిగురుతో అంటిస్తారు. వదిలినా ఎగరలేక స్టేజీ మీదే పడుతుంది.

ఇక పాటలో పాలపిట్ట సంగతి. రంగు కలుస్తుంది, ఒడియావాళ్ళు భదభదళియా అనే ఈ పిట్ట మీ దగ్గర కరెంటు తీగల మీద రోజూ కనబడుతుంది కూడా. అయినా మేం వద్దనే అంటాం. పాలపిట్ట పేరు వినగానే తెలుగువాళ్ళ మనసు విజయదశమికి పోతుంది. జమ్మికొట్టి వస్తూ దాన్ని చూస్తే జయం. దాన్ని పెట్టారంటే పాట శాంతి పాట కాక గెలుపు పాట అవుతుంది. అసలు పాటలో గెలిచినవాడు ఎవడూ లేడు. గొర్రెల కాపరి, పూసే లోయ, నిద్రపోయే పిల్లవాడు, అంతే. ఇంకో తేడా ఉంది. బ్లూబర్డ్ ఇంటి పెరట్లో గూడు పెట్టే సాధుపిట్ట. పాలపిట్ట తీగ మీద ఒంటరిగా కూర్చుంటుంది, గొంతు బొంగురు, జతకట్టే కాలంలో గాల్లో పల్టీలు కొడుతుంది. చూడముచ్చటే కానీ, ఇంటి పిట్ట కాదు.

ఇంటి పిట్ట కావాలంటే పిచ్చుక ఉంది. గుమ్మానికి వరికంకుల కుచ్చు వేలాడదీసి పిలిచే పిట్ట అది. గంజాం పల్లెల్లో చూరుకింద దాని గూడు తీసేయడం పాపమనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ యుద్ధం గురించిన పాటలో పిచ్చుక అనగానే బ్రహ్మాస్త్రం గుర్తొస్తుంది. కావాలని ఆ ధ్వని తెచ్చుకుంటే గొప్పగా ఉంటుంది, తెలియక తెచ్చుకుంటే శ్రోత నవ్వుతాడు. వానకోయిల అర్థానికి దగ్గరే. అయితే బహువచనంలో ‘వానకోయిలలు’ అయి నోరు తిరగదు.

మా సలహా: ‘నీలిపిట్ట’ అనే ఉంచండి. ఏ జాతో తేల్చకండి. ఏకవచనంలోనే వాడండి, తెలుగులో అది మొత్తం జాతికీ సరిపోతుంది.

బాణీలో కూర్చేటప్పుడు సాధారణంగా జరిగే పొరపాటు వేరే ఉంది. పల్లవిలో మొదటి పంక్తికి 6 అక్షరాలు, రెండోదానికి 6, మూడోదానికి 8 చొప్పున పలుకుతాయి. మొదటి పంక్తిలో మొదటి రెండూ తాళానికి ముందే వచ్చే చిన్న పలుకులు. దెబ్బ పడేది మూడో అక్షరం మీద, తర్వాత ఐదో అక్షరం మీద. ‘నీలిపిట్ట వాలు’ అని మొదలుపెడితే లెక్క ఆరుకు సరిపోతుంది కానీ, దీర్ఘం ‘నీ’ చిన్న పలుకులో ఇరుక్కుంటుంది, దెబ్బ ‘పిట్’ మీద పడుతుంది. పాడేవాడికి ఎక్కడో ఎగుడుదిగుడుగా ఉందని తెలుస్తుంది, ఎక్కడో తెలియదు. అదే ‘ఇక నీలిపిట్ట’ అనండి. ఇ, క రెండూ లఘువులు, ముందు పలుకులకు సరి. మూడోది ‘నీ’, ఐదోది ‘పిట్’. రెండూ బరువైనవే, దెబ్బలు కుదురుతాయి. రెండో పంక్తిలో ముందు పలుకు ఒక్కటే, దెబ్బలు రెండో, ఐదో అక్షరాల మీద. ‘ఆ తెల్లని గట్లు’ అంటే ‘తెల్’, ‘గట్’ సరిగ్గా అక్కడ పడతాయి. మూడో పంక్తి ఆఖరు స్వరాన్ని నిలిపి పాడతారు కనుక అక్కడ హ్రస్వం పనికిరాదు. ‘లే’, ‘గా’, ‘రా’ లాంటి దీర్ఘంతో ముగించండి. మిగతా చరణాలు ఈ లెక్కనే మీరు కట్టుకోగలరు.

లండన్ నడిబొడ్డున నైటింగేల్ పాడిందని ఇంకో పాట ఉందట. అదీ ఇలాంటి పొరపాటేనా? (గుణుపురం)

ఆ పాట 1940లో లండన్ రంగస్థలం మీద మొదట వినబడింది. అందులో పొరపాటు లేదు. అక్కడ నైటింగేల్ పాడదని తెలిసే రాశారు. దేవదూతలు పెద్ద హోటల్లో భోంచేస్తున్నారని కూడా అదే పాట చెబుతుంది. జరగనివన్నీ ఒక రాత్రి జరిగాయని ప్రేమికుడు అంటున్నాడు. ఆ పట్టీలో నైటింగేల్ ఒకటి. అది పొదల్లో దాక్కునే పిట్ట, ఏప్రిల్‌లో వచ్చి వేసవి చివర వెళ్ళిపోతుంది. నగరం మధ్య చౌకులో దానికి పని లేదు.

అయితే నిజంగా జరిగిన ఒక సంగతి ఏ పాటా కట్టలేనట్టుగా ఉంది. బీబీసీ 1924 నుంచి ఏటా సర్రీలోని ఒక తోటలో నైటింగేల్ కూతను ప్రత్యక్షంగా ప్రసారం చేసేది. 1942 మే 19 రాత్రి మైకులు సిద్ధం చేశారు. పిట్ట పాడుతుండగా దూరం నుంచి మోత మొదలైంది. జర్మనీలోని మాన్‌హైమ్ మీదికి వెళ్తున్న 197 బాంబర్లు అవి. ప్రసారం సాగితే దాడి బయలుదేరిందని శత్రువుకు తెలిసిపోతుందని ఇంజినీరుకు తట్టి, లైను కట్ చేశాడు. రికార్డింగు మాత్రం ఆపలేదు. అది ఇప్పటికీ దొరుకుతుంది. మోత పెరిగి, నెత్తిమీదికి వచ్చి, తగ్గిపోతుంది. పిట్ట ఆపదు. చాలామంది అది ధైర్యమని, ధిక్కారమని రాశారు. మగ నైటింగేల్ ఆ కాలంలో తన జాగా కోసం, జత కోసం రాత్రంతా పాడుతుంది. చుట్టూ చప్పుడు పెరిగితే అదీ గొంతు పెంచుతుంది. ధైర్యమనేది మనం కలుపుకున్నది. కలుపుకోవద్దని అనడం లేదు, ఎవరు కలిపారో తెలిసి వింటే మంచిది.

మన కావ్యాల్లో హంస, చిలుక రాయబారం మోస్తాయి. ఆ పాటల్లో పిట్టలు ఏమీ మోయవేం? నిజం యుద్ధంలో ఉత్తరాలు మోసిన పావురాల మీద పాటలు ఎందుకు తక్కువ? (జయపురం, కొరాపుట్)

ఈ ప్రశ్న కొరాపుట్ జిల్లా నుంచి రావడం మాకు సరదాగా ఉంది. యుద్ధం ముగిశాక 1946లో సైన్యం 200 పావురాల్ని ఒడిశా పోలీసులకు అప్పగించింది. వాటితో పావురాల టపా మొదటగా ప్రయోగించింది మీ కొండల్లోనే. బెల్జియన్ హోమర్ జాతివి. తర్వాత రాష్ట్రమంతా విస్తరించి, వైర్‌లెస్, టెలిఫోను పెరిగాక అక్కర తీరింది. ఇప్పుడు కటక్‌లో పండగలకు, పరేడ్లకు ఎగరేసే కొద్ది పావురాలు మిగిలాయి.

పావురం పనిలోనే మీ ప్రశ్నకు జవాబుంది. నలుడి హంస వెళ్ళి, మాట్లాడి, తిరిగొస్తుంది. హోమర్ పావురం ఎక్కడికీ వెళ్ళదు, ఇంటికి వస్తుంది, అంతే. బుట్టలో పెట్టి దూరం తీసుకెళ్ళి, కాలికి చిన్న గొట్టంలో చీటీ కట్టి వదిలితే తన గూటికి చేరుతుంది. అటునుంచి ఇటు ఒక దారే. ఒడిశా పోలీసులు దీన్ని మూడు రకాలుగా నడిపారు. మామూలుగా స్థిరమైన గూటికి చేరేవి, చోటు మార్చే గూళ్ళకు అలవాటు పడ్డవి, ఒకచోట ఉండి ఇంకోచోట మేత తినేలా తర్ఫీదయి రెండువైపులా తిరిగేవి. ఈ మూడోదే హంసకు కొంచెం దగ్గర. ముఖ్యమైన చీటీ అయితే ఒకే సందేశాన్ని రెండు పావురాలకు కట్టడం మంచిది. దారిలో డేగ పడితే ఒకటి మిగులుతుంది. పొగమంచు, చీకటి వీటికి శత్రువులు.

బ్రిటన్‌లో డేగ భయం ఎంతదాకా పోయిందంటే, యుద్ధ పావురాల్ని తినేస్తున్నాయని 1940లో బహిరి డేగల్ని చంపమని ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. వందల్లో చంపారు. బహిరి డేగ గూడు పెట్టే చోట్లలో సముద్రపు గట్లు ముఖ్యం. పాటలో గట్టు మీదికి లేని పిట్టను పిలుస్తున్న రోజుల్లో, గట్ల మీద ఉన్న పిట్టను తుపాకీతో కాలుస్తున్నారు.

పాటల్లో పావురానికి చోటు ఎందుకు తక్కువంటే, అది ఉద్యోగంలో ఉంది. 1943లో మొదలైన డికిన్ పతకం యుద్ధంలో సేవ చేసిన జంతువులది, పావురాలకే 32 దక్కాయి. పతకం పుచ్చుకున్న పిట్ట ఇక సైన్యానికి చెందుతుంది, శాంతికి గుర్తుగా పాడుకోవడం కష్టం. నోవహు ఓడ కథలో పావురం పాతదే అయినా, సభల బ్యానర్ల మీద తెల్లపావురం లోకమంతా పరచుకున్నది 1949లో పారిస్ శాంతి మహాసభకు పికాసో బొమ్మ తీసుకున్న తర్వాత. డోవర్ పాట దానికి ఎనిమిదేళ్ళు పెద్దది.

మీరు అడగకపోయినా ఒక మాట. సభల్లో తెల్లపావురాల్ని వదిలేవాళ్ళు సాయంత్రం పూట, దీపాలు వెలిగించాక వదులుతున్నారు. బజారులో కొన్న తెల్లపావురాలు చాలావరకు పంజరంలో పెరిగినవి, వాటికి చేరాల్సిన గూడంటూ లేదు. చీకట్లో వదిలితే దగ్గరి గోడ మీద వాలతాయి, తెల్లవారేలోపు పిల్లి పాలవుతాయి. తప్పదంటే గూటికి తిరిగొచ్చే పావురాలు ఉన్నవాళ్ళను పిలవండి, పొద్దున పూట, వాన మబ్బు లేనప్పుడు వదిలించండి.

చనిపోయిన సైనికులు కొంగలై ఎగురుతారని రష్యన్ పాట ఉందని విన్నాం. చిలికాకు వచ్చే సైబీరియా పక్షుల్ని చూస్తే అదే గుర్తొస్తుంది. దాని అర్థం ఏమిటి? (రంభ, గంజాం)

ముందు సైబీరియా సంగతి. మన పత్రికలు కొత్త పక్షి కనబడితే సైబీరియా అని రాసేస్తాయి. చిలికాకు అక్టోబరు నుంచి మార్చి దాకా వచ్చేవాటిలో నిజంగా ఉత్తరాసియా నుంచి వచ్చేవి చాలానే ఉన్నాయి. తల మీద నల్లచారలుండే బాతు హిమాలయాలు దాటి వస్తుంది. కానీ మీకు దగ్గర్లోనే, ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచిలో చింతచెట్ల మీద గూళ్ళు పెట్టే, ముక్కు మధ్య సందున్న నత్తల కొంగలు మన ఉపఖండానివే. తేలినీలాపురం గూడబాతులూ అంతే.

పాట పేరు ‘కొంగలు’ అనే అర్థం వచ్చే ‘జురావ్లీ’. యుద్ధంలో పుట్టింది కాదు, యుద్ధం ముగిసిన 24 ఏళ్ళకు, 1969లో వచ్చింది. రష్యాలోని దాగెస్తాన్ ప్రాంతపు కవి రసూల్ గమ్జాతోవ్ తన అవార్ భాషలో రాసిన కవితకు నౌమ్ గ్రెబ్నేవ్ రష్యన్ అనువాదం చేశాడు, యాన్ ఫ్రెంకెల్ బాణీ కట్టాడు. గమ్జాతోవ్ 1965లో హిరోషిమా వెళ్ళినప్పుడు, అణుధార్మికత వల్ల జబ్బు చేసి కాగితపు కొంగలు మడుస్తూ చనిపోయిన సడాకో అనే బాలిక స్మారకం చూశాడు. ఆ ఊహకు మూలం అదే. పాడిన మార్క్ బెర్నెస్ అప్పటికే క్యాన్సరుతో ఉన్నాడు. రికార్డు చేసిన కొద్ది వారాలకు, 1969 ఆగస్టు 16న పోయాడు.

చనిపోయినవాళ్ళు పక్షులై వస్తారనేది మనకు కొత్త కాదు. పిండం ముట్టే కాకి ఉంది. తేడా ఎక్కడంటే కాకి వాకిట్లోకి దిగుతుంది, పెట్టింది తింటుంది, మనకు ఊరట ఇచ్చి వెళ్తుంది. ఆ కొంగలు దిగవు. ఎత్తున బారు కట్టి, పిలుస్తూ పోతాయి. పిలుపు వినబడుతుంది, జవాబు చెప్పడానికి వీల్లేదు. పాట అక్కడితో ఆగితే మామూలు విషాదగీతమే. బారులో ఒక చిన్న ఖాళీ కనబడుతుంది, ఆ చోటు బహుశా నాదేనేమో అంటాడు పాడేవాడు. బారు కట్టే పక్షులు ముందున్నదాని రెక్క కొస నుంచి లేచే గాలిని ఆసరా చేసుకుని ఒక్కో పక్కగా జరిగి ఎగురుతాయి. మధ్యలో ఒకటి తప్పుకుంటే వెనకది ముందుకు జరిగి ఆ సందు నింపేస్తుంది. అందుకే నిజం బారులో ఖాళీ ఎక్కువసేపు నిలవదు. పాటలో నిలిచింది. ఒకరి కోసం ఆపిపెట్టారన్న భావం అందులోంచే వస్తుంది. చిలికాలోని నలబణ దగ్గర శీతాకాలం సాయంత్రాల్లో బాతుల బారులు చూస్తే, సందు పడటం, పూడటం మీకే కనబడుతుంది.

తెలుగులో రాసుకునేటప్పుడు మాత్రం ‘కొంగ’ అన్న మాట దగ్గర జాగ్రత్త. దొంగజపం వెంటనే అంటుకుంటుంది. క్రౌంచమనండి, వాల్మీకి శోకం దానితోనే మొదలైంది కదా.

తొమ్మిదో తరగతి పిల్లలకు పాటలో పక్షి దేనికి గుర్తో చెప్పించాలంటే, అందరూ ‘స్వేచ్ఛకు’ అని రాసేస్తున్నారు. వేరే దారి ఉందా? ఈ పాటను బడిలో పాడించడానికి అనుమతి కావాలా? (రాయగడ)

‘దేనికి గుర్తు’ అని అడిగితే ఆ జవాబే వస్తుంది, ప్రశ్నే అలాంటిది. ముందు క్రియను గీత గీయించండి: పిట్ట వచ్చిందా, వస్తోందా, వస్తుందా. తర్వాత పిట్ట ఏం చేస్తోందో రాయించండి. పాడుతోందా, మోస్తోందా, పిలుస్తోందా, ఊరికే ఉందా. ఆ పిట్ట నిజంగా ఆ చోట ఉంటుందో లేదో చూడమనండి. లేకపోతే తప్పు పట్టకుండా, లేనిదాన్ని ఎందుకు తెచ్చాడని అడగండి. ఆఖర్న, పిట్ట ఎగిరే చోట అంతకుముందు ఏముందని అడగండి. డోవర్ పాటకు ఈ నాలుగో ప్రశ్నే తాళంచెవి. వేరే పాటకు రెండోది కావచ్చు. నలభై నిమిషాల పీరియడ్‌లో ఒక్క పాటే తీసుకోండి. రెండు తీసుకుంటే పోలికల పట్టిక వేయడంతోనే గంట కొడతారు.

అనుమతి విషయం: బాణీ కట్టిన వాల్టర్ కెంట్ 1994 దాకా జీవించాడు. మన చట్టంలో కాపీరైటు కర్త పోయాక 60 ఏళ్ళు ఉంటుంది కాబట్టి బాణీ ఇంకా హక్కుల్లోనే ఉంది. అయితే బడి కార్యక్రమంలో భాగంగా పిల్లలు, టీచర్లే పాడి, వినేవాళ్ళు కూడా బడివాళ్ళు, తల్లిదండ్రులే అయితే చట్టం మినహాయింపు ఇస్తుంది. టికెట్టు పెట్టి బయటివాళ్ళను పిలిస్తే, వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే ఆ మినహాయింపు పనిచేయదు. పర్లాకిమిడి కాలేజీ వాళ్ళు కూడా ఇది చూసుకోవాలి. తెలుగు మాటలు మీవే అయినా అది అనువాదమే, బాణీ అసలుదే.